రబ్బరు ప్యాంటులో జేబు

మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగిపోయేవాళ్ల ముక్కులో కొట్టే స్ప్రేల అట్టపెట్టె నా ట్రక్కులో నాలుగు నెలలుగా పడి ఉంది. మా ఆయన తమ్ముడు వెండెల్ మత్తు మాన్పించే చికిత్స ముగించుకుని వచ్చిన రోజు ఆసుపత్రివాళ్లు ఇచ్చారు. వెండెల్ నా పడవ మీదే పనిచేస్తాడు. నేను చుక్కాని పడతాను, అతను పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పట్టే బోనులు నీళ్లలోంచి లాగుతాడు. పడవ మీద ఆ పెట్టె ఎక్కడ పెట్టను? ఛాతీ దాకా వచ్చే నా రబ్బరు ప్యాంటుకు జేబు లేదు. మిగతా చోట్లన్నీ ఉప్పునీళ్లే.

జూన్‌లో ఒక ఉదయం రేడియోలో పక్క పడవ ఎల్డన్ అరిచాడు.

"లోర్నా! మా పడవ కుర్రాడు డారెల్ పడిపోయాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. నీ దగ్గర ఆ మందుందా?"

"ట్రక్కులో ఉంది," అన్నాను. అంటూనే పడవ వాళ్లవైపు తిప్పాను.

వెళ్లి, ముగ్గురం వంతులు వేసుకుని డారెల్ నోట్లోకి ఊపిరి ఊదాం. ఇరవై నిమిషాలకు తీరరక్షక దళం పడవ మందుతో వచ్చింది. డారెల్ బతికాడు.

నాకు మాత్రం ఆ వారమంతా కాలు ఒకచోట నిలవలేదు. అట్టపెట్టె పారేసి స్ప్రేలు బెల్టుకు కట్టుకుంటే బోను తాడు తగులుకుని నన్నే లాగేసింది. చివరికి పాత రబ్బరు చేతితొడుగు మణికట్టు భాగం కోసి, ప్యాంటు ఛాతీ లోపలివైపు జిగురుతో జేబులా అతికించాను.

అది పనికొస్తుందో లేదో చూడటానికి వెండెల్ పడవ మీద వెల్లకిలా పడుకున్నాడు. "నేను చచ్చాను. కానివ్వు వదినా."

"చచ్చినవాడివి నోరు మూసుకో."

తడి తొడుగులతో తడుముకున్నాను. స్ప్రే జారింది.

"ఈపాటికి నన్ను పూడ్చేసి కాఫీలు కూడా తాగేసుంటారు!"

మర్నాడు స్ప్రేకు పురికొస ఉచ్చు కట్టాను. ఒక్క లాగుకు చేతిలోకి వచ్చింది. వెండెల్ ఈసారి నవ్వలేదు.

"నాకూ ఒకటి అతికించు."

"నీకెందుకురా? నీకేమైనా అయితే నువ్వే కొట్టుకోలేవుగా."

"నా కోసం కాదు. మళ్లీ అలా ఒడ్డుకేసి చూస్తూ ఊదడం నా వల్ల కాదు."

అతికించాను. ఎల్డన్ తనకూ, డారెల్‌కూ అడిగి చేయించుకున్నాడు.

సెప్టెంబరులో ఒకరోజు తెల్లారినా వెండెల్ రేవుకు రాలేదు. ఫోనెత్తలేదు. రబ్బరు ప్యాంటుతోనే అతని ఇంటికి పరుగెత్తాను. పురికొస అప్పటికే నా వేలికి చుట్టుకుని ఉంది. తలుపు దబదబా బాదాను.

నోట్లో బ్రష్షుతోనే వెండెల్ తలుపు తీశాడు. "అలారం మోగలేదు వదినా."

అతను నా చేతిలోని స్ప్రే చూశాడు. బ్రష్షు తీసేశాడు.

"ఏమీ వేసుకోలేదు. ఒట్టు."

"నేనేం అడగలేదుగా."

"అడుగు. రోజూ అడుగు. ఏమనుకోను."

గడపలోనే కూలబడ్డాను. అతను లోపలికెళ్లి నాకో కప్పు కాఫీ తెచ్చాడు. అది తాగాకే వేలికున్న పురికొస విప్పి, స్ప్రేను మళ్లీ జేబులో పెట్టాను.