బ్లేడు పెట్టేది అక్క

వీధిలో అందరూ ఆమెను బంకమ్మ అనే పిలిచేవారు. పాత బల్లలకూ కుర్చీలకూ రంగు కాగితాలు అంటించి కొత్త కళ తేవడం ఆమె పని. మైదాపిండిని సన్నని సెగ మీద ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి ఆమె చేసే బంక ఒకసారి పట్టుకుందంటే ఇక వదలదు. మనిషి పంతమూ అంతే. కాగితాల్లో పువ్వులూ తీగలూ పిట్టలూ కత్తిరించేది మాత్రం వాళ్ళక్క, కత్తెరమ్మ. పాత క్యాలెండర్లు, విత్తనాల పొట్లాల మీది బొమ్మలు, ఏం దొరికినా ఆవిడ చేతిలో తీగె సాగేది.

ఆ కత్తెరమ్మ కాస్తా జుట్టు నెరిశాక, వాచీలు బాగుచేసే ఒకాయన్ని పెళ్ళి చేసుకుని ఊరి అవతలి చివరకు వెళ్ళిపోయింది. బంకమ్మకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళిలో మూతి ముడుచుకుని కూర్చుంది. తర్వాత అక్క ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొన్నాళ్ళకు అక్కా చెయ్యడం మానేసింది. నిజానికి అది కోపం కాదు, భయం. కానీ భయమని ఒప్పుకుంటే ఆమె బంకమ్మ ఎందుకవుతుంది?

వాళ్ళకు పని తెచ్చే పాత సామాన్ల కొట్టాయన ఒకరోజు సొరుగుల బల్ల ఒకటి దింపించి, గుమ్మంలోనే నసిగాడు.

"పెద్దావిడ లేకుండా అవుతుందంటారా అమ్మా?"

"ఎందుకు కాదూ? ఇన్నాళ్ళూ ఆ పువ్వుల్ని బల్లకి అంటించి ఉంచింది ఆవిడ కత్తెరా, నా బంకా?"

"ఏమనుకోకండి. ఇదొక్కటీ చూస్తాను. కుదరకపోతే పని ఇంకెవరికైనా ఇచ్చుకుంటాను."

ఆ మాట ఆమెకు గుండెలో ముల్లులా దిగింది. పనే పోతే ఆ ఒంటి గదిలో పొద్దున్నే లేవడం దేనికి?

వెళ్తూ వెళ్తూ అక్క ఒక బిస్కెట్ల డబ్బా నిండా పువ్వులూ తీగలూ కత్తిరించి పెట్టింది. బంకమ్మ అన్నాళ్ళూ ఆ డబ్బా వంక చూడలేదు. ఇప్పుడు మూత తీసింది. బల్లను గరుకు కాగితంతో రుద్దింది. పైనుంచి కింది దాకా, సొరుగులన్నిటి మీదుగా, ఒకే పెద్ద తీగె తెగకుండా పాకేలా అంటించింది. ఆ అక్కచెల్లెళ్ళ పనితనమంతా అదే. సొరుగులు మూసి ఉంటే సందులు కనబడకూడదు. ఒక్క గాలిబుడగ లేకుండా గుడ్డతో అదిమి, వెనక్కి జరిగి చూసుకుని, తన భుజం తనే తట్టుకుంది. తట్టడానికి ఇంకెవరున్నారు?

మర్నాడు మధ్యాహ్నం కొట్టాయన వచ్చాడు. "అబ్బో, బ్రహ్మాండం!" అంటూ వంగి సొరుగు లాగాడు. రాలేదు. రెండోది లాగాడు. అదీ రాలేదు.

బంకమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. సందుల మీద అంటించిన కాగితం పచ్చిగా ఉండగానే బ్లేడుతో కోసి సొరుగులు విడదీయాలి. ఆ పని ఎప్పుడూ అక్కదే. చెల్లెలు చేతులు కడుక్కుని వచ్చేసరికి అది అయిపోయి ఉండేది. నిన్న కూడా ఆమె అంటించి, చేతులు కడుక్కుని, పడుకుంది.

"రేపు బండి పంపుతాను. తెరుచుకుంటే నాకు, లేకపోతే మీకే," అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆమె బల్ల ముందు చతికిలబడి చాలాసేపు కూర్చుంది. చివరికి పంతాన్ని పక్కన పెట్టి ఫోన్ చేసింది.

"అక్కా, సొరుగులు రావట్లేదే."

అవతల గడియారాల టిక్కుటిక్కు వినబడింది.

"బ్లేడు పెట్టలేదా?"

"నువ్వు పెడతావని..." అంది బంకమ్మ.

"పిచ్చిదానా. ఏడవకు. వార్నిష్ వేశావా?"

"లేదు."

"అయితే కొంప మునగలేదులే. సందు వెంట తడిగుడ్డ పెట్టు, నాననీ. అద్దం వెనక కొత్త బ్లేడు పెట్టి వచ్చాను, చూడలేదూ?"

చూడలేదు. అద్దం వెనక బ్లేడు కాగితంలో భద్రంగా ఉంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అక్క చెప్పినట్టే తడిపింది, ఆగింది, కోసింది. ఒక పువ్వు అంచు కాస్త చిరిగింది. అవతల ఎవరో మగమనిషి పిలిచాడు.

"వస్తున్నానండీ, అన్నం పెడతా," అంది అక్క. "ఏమే, వచ్చిందా? వస్తే ఫోన్ పెట్టేస్తాను, ఈయన ఆకలికి ఆగలేడు."

సొరుగులన్నీ అప్పటికే తెరిచి ఉన్నాయి. లోపల ఏమీ లేదు, పాత చెక్క వాసన తప్ప. బంకమ్మ వాటిని చప్పుడు కాకుండా ఒక్కొక్కటే లోపలికి నెట్టింది.

"ఇంకా రాలేదక్కా," అంది. "ఉండు, ఫోన్ పెట్టెయ్యకు."