శీర్షాసనం వేసే మూల

తలకిందులుగా తపస్సు చేసినా పోయిన చూపు తిరిగి రాదని మా ఆయనతో మాటవరసకి అన్నాను. ఆయన నిజంగానే తలకిందులయ్యాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా మాట ఒక్కటీ చెవిన పెట్టని మనిషి, దీన్ని మాత్రం అక్షరాలా పాటించాడు.

మా ఆయన జయరామప్ప చిక్కపేటలో ఓ పట్టుచీరల హోల్‌సేల్ అంగడిలో పని చేస్తాడు. మగ్గం నుంచి వచ్చిన చీరని వెలుతురుకి పట్టి, పోగు ఎక్కడ తెగిందో, రంగు ఎక్కడ మారిందో చూసి చెప్పాలి. అలాంటి మనిషికి కుడి కన్ను గ్లకోమాతో పోయింది. మా వైపు పెద్దవాళ్ళు నీటికాసులంటారు. నొప్పి లేదు, ఎరుపు లేదు, చూపుని దొంగలా లోపల్లోపలే తినేసింది. ఎడమ కన్ను బాగానే ఉందని ఆయనే అనేవాడు. మాకు అన్నం పెడుతున్నది ఆ ఒక్క కన్నే. అదీ పోతే ఏమవుతామో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలేది కాదు.

చుక్కల మందు క్రమం తప్పకుండా వేసుకుంటే ఉన్న చూపు నిలబడుతుందని, పోయింది మాత్రం రాదని కంటి డాక్టరమ్మ ముందే చెప్పింది. ఉన్నది మిగలడం ఆయనకి చాలలేదు, పోయింది కావాలి. ఆకు పసర్లయ్యాయి, మొక్కులయ్యాయి. శీర్షాసనం వేస్తే రక్తం తలకి దిగి కళ్ళు తేటపడతాయని అంగడికి వెళ్ళే రైల్లో ఎవరో అన్నారట. మర్నాటి నుంచీ మా కాడుగోడి బడి మైదానంలో యోగా నేర్పే మునిస్వామి మాష్టారి దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఆ మాష్టారిని అనడానికి లేదు. భుజాలూ వీపూ గట్టిపడేదాకా ఎవరినీ కాళ్ళు పైకి లేపనివ్వలేదు. పరగడుపున, మడతపెట్టిన దుప్పటి మీద, గోడ పక్కన వెయ్యాలన్నాడు. వేళ్ళు పెనవేసి, మోచేతులు భుజాలంత ఎడంగా ఆనించి బరువంతా చేతుల మీద మోపాలి, తల నేలకి ఊరికే తగలాలి. కాళ్ళు ఒక్కసారిగా ఎగరెయ్యకూడదు. మెడలో కలుక్కుమన్నా సరే, దిగిపోవాలి. దిగిన వెంటనే లేవకుండా నుదురు నేలకి ఆనించి కాసేపు ఉండాలి. ఇదంతా మా ఆయన ఇంటికొచ్చి బడిపిల్లాడిలా నాకు అప్పజెప్పేవాడు. మేలూ కనిపించింది. రోజంతా వంగి పనిచేసి తెచ్చుకున్న భుజం నొప్పి తగ్గింది. నిద్ర పట్టింది. అన్నంలో ఉప్పు తక్కువైనా అరవడం మానేశాడు. నేను మురిసిపోయి గుళ్ళో కొబ్బరికాయ కొట్టాను.

ఆ నెల కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళాం. డాక్టరమ్మ ఎడమ కంట్లోకి చాలాసేపు చూసింది. మందు వేస్తున్నారా అని రెండుసార్లు అడిగింది. కొత్తగా ఇంకేమైనా చేస్తున్నారా అంటే, నేనే గొప్పగా శీర్షాసనం సంగతి చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది. తల కిందికి ఉన్నంతసేపూ కంట్లో ఒత్తిడి రెట్టింపు దాకా పోతుందనీ, మంచి కన్నైతే తట్టుకుంటుందేమో గానీ ఈ జబ్బున్న కన్ను తట్టుకోలేదనీ చెప్పింది. ఈ రోజుతో ఆపేయమంది. రెండు వారాల్లో ఎడమ కంటికి పెద్ద పరీక్ష చెయ్యాలని రమ్మంది.

నేను తిన్నగా మాష్టారి మీదికి వెళ్ళాను. వీధంతా వినేలా అడిగాను. పాపం, ఆయన తెల్లబోయాడు. బీపీ, మెడ నొప్పి, కంటి జబ్బు ఉన్నవాళ్ళు చేతులెత్తమని మొదటి రోజే అడిగాడట. మా ఆయన చెయ్యెత్తలేదు. విడిగా పిలిచి అడిగినా లేదన్నాడట. ఇక రావద్దని మాష్టారే ఇంటికొచ్చి చెప్పి వెళ్ళాడు.

"ఎందుకప్పా దాచిపెట్టినావు?" అని నిలదీశాను.

"చెప్పింటే నేర్పించుంటాడా? చుక్కలేసుకుని ఊరికే కూర్చోమంటే ఎట్లా? నేనూ ఏదో ఒకటి చెయ్యాల కదా ప్రేమా."

కన్ను బాగుపడాలని కంటి జబ్బే దాచిన మనిషితో ఏం వాదించను? నా తల మీద చెయ్యి పెట్టించుకుని, ఇక వెయ్యనని ఒట్టు వేయించుకున్నాను. నాలుగు రోజులు తిరక్కుండానే హాల్లో గోడ మీద మడమల మరకలు కనిపించాయి. నేను నిద్ర లేవకముందే వేస్తున్నాడు. కోపం కాదు, భయం వేసింది. ఈయన తన కన్ను తానే పొడుచుకుంటున్నాడు, నా ఒట్టు కూడా ఆపలేదు.

మాట్లాడటం మానేశాను. కంచం పెట్టేదాన్ని, ఎదురుగా కూర్చునేదాన్ని, నోరు విప్పేదాన్ని కాదు. "ప్రేమా, ఉండావా?" అని ఊరికూరికే పిలిచేవాడు. బతిమాలుతున్నాడులే, ఇంకా బతిమాలనీ అనుకున్నాను.

దానికీ లొంగకపోయేసరికి ఒక పొద్దున ఆయనకంటే ముందే లేచి, ఆ మూలలో గోడకి వీపు ఆనించి మఠం వేసుకుని కూర్చున్నాను. నన్ను తొక్కి ఆసనం వెయ్యి చూద్దాం అనుకున్నాను. కిటికీలోంచి వెలుతురు వస్తోంది. గోడ తడుముకుంటూ వస్తున్న ఆయన చొక్కా గుండీలు నాకు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. చూసి ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. దుప్పటి మడత తెచ్చి నా పాదాల మీదే పరిచాడు. మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళు పెనవేసి, ముందుకి వంగాడు. తల వచ్చి నా ఒళ్ళో ఆనింది.

రెండు చేతులతో పట్టుకున్నాను. ఉలిక్కిపడ్డాడు.

"ఎవరు?" అన్నాడు.

నా ప్రాణం అక్కడే పోయింది. ఏడుపు ఆపుకుని అడిగాను, "ఎంత కనిపిస్తాదప్పా నీకు? నిజం చెప్పు."

తల నా ఒళ్ళోంచి తీయలేదు.

"ఎదురుగా ఇంత కనిపిస్తాది, సీసా మూతంత. చుట్టూరా ఏమీ లేదు. అంగట్లో పక్కనుండేవాడు చూసి చెప్తా ఉండాడు," అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వు మాట్లాడతా ఉంటే ఆ దిక్కుకి తిరిగి చూస్తా ఉంటి. ఇన్ని దినాలుగా నువ్వు యాడుండావో తెలీలేదు," అన్నాడు.

ఓదార్చాలని నోరు తెరిచాను. తిట్లే వచ్చాయి. ఒట్టు తప్పినందుకు తిట్టాను, దాచినందుకు తిట్టాను, రైల్లో సలహా ఇచ్చినవాణ్ణి తిట్టాను. ఆయన లేచి కూర్చున్నాడు. తలని కొంచెం అటూ ఇటూ తిప్పి, నా మొహాన్ని వెతికి పట్టుకున్నాడు. నేను ఏడుస్తూ, ఆపకుండా తిడుతూనే ఉన్నాను.