అడ్డంగా గీసిన గీత

బేస్తవారిపేటలో టీ తాగుతూ, జిల్లా గీత ఎటు పోవాలి, ఏ మండలం ఎందులో కలవాలి అని పొద్దంతా వాదించుకునే పెద్దమనుషులు మనకు తెలుసు. వాదించుకోవలసిందే. అయితే తమ సొంత వీధి మీద గీసిన గీత సంగతి వారిలో ఎందరు అడిగారు? ఆ మండలంలోనే గుట్టకిందపల్లెలో గొర్రెల కాపరి ఇల్లాలు అంకాలమ్మ అడిగింది.

ఆ ఊరి నడుమ నుంచి నాలుగు వీధులు బారుగా పడమటి గుట్ట దాకా పోతాయి. ప్రతి వీధిలోనూ ముందు రైతుల, దుకాణదారుల ఇళ్లు, చివర కాపరుల ఇళ్లు. వీధికొక వార్డు. వార్డుకు నూట ఇరవై ఓట్లుంటే అందులో కాపరులవి ముప్పై. దీని వెనక ఎవరి కుట్రా లేదు. ఎప్పుడో ఎవరో ఉద్యోగి వీధి వెంట పెన్ను పారించాడు, అంతే.

కాపరులు ఇరవై ఏళ్లుగా అడిగేది ఒక్కటే, గుట్ట దగ్గరి బోరు పక్కన జీవాలకు ఒక నీళ్ల తొట్టి. ప్రతి వార్డు మెంబరూ సరేనన్నాడు. గెలిచాక తొంభై ఓట్లున్న వైపు కాలువలు, దీపాలు వేయించాడు. ఆ కుర్చీలో మనమున్నా అదే చేస్తాం. ఒకసారి అంకాలమ్మ మామ తానే పోటీకి నిలబడ్డాడు. కాపరుల ఓట్లు ముప్పైకి ముప్పై పడ్డాయి, ఓడిపోయాడు. మిగతా మూడు వీధుల్లోని తొంభై మంది కాపరులు ఆయనకు ఓటు వేయాలన్నా వేయలేకపోయారు.

కిందటి ఎండాకాలం నీళ్లకోసం మూడు మైళ్లు నడిచి అంకాలమ్మ వాళ్ల గొర్రెపిల్లలు ఏడు దారిలోనే పడి చచ్చిపోయాయి. అంకాలమ్మ భర్త పెద్దయ్య విసిగిపోయాడు. వచ్చే ఎండలకు కూడా తొట్టి రాకపోతే మంద మొత్తం అమ్మేసి పట్నంలో వాచ్‌మన్‌గా చేరతానని తేల్చి చెప్పాడు. పుట్టినప్పటి నుంచి గొర్రెల మధ్య పెరిగిన అంకాలమ్మకు ఆ మాటతో అన్నం సహించలేదు.

పెద్దయ్యకు ఒక గర్వం ఉంది. మంద ఎంత దూరాన ఉన్నా ఓటు నాటికి ఊరు చేరతాడు. కాపరులందరూ అంతే. కానీ ఎన్నికలకు ముందు వార్డుల జాబితా పంచాయతీ గోడకెక్కే రోజుల్లో ఆడామగా అంతా కంభం చెరువు కింద కోసిన పొలాల్లో ఎరువుకోసం మందలు కట్టి ఉంటారు. ఆ కాగితం ఎండకు వెలిసి, ఊడి, గాలికి కొట్టుకుపోయేది. ఒక్క కాపరీ దాన్ని చూసిన పాపాన పోలేదు.

ఈసారి ఈనడానికి సిద్ధంగా ఉన్న గొర్రెలకోసం అంకాలమ్మ ఇంటి దగ్గరే ఆగింది. పంచాయతీ ఆఫీసు ఎదుట హైమావతి గారి దుకాణంలో దాణా కొంటూ ఆ కాగితమేమిటని అడిగింది. హైమావతి గారు రోడ్డు దాటి వెళ్లి చదివి చెప్పారు. ఇది కొత్త వార్డుల ముసాయిదా, అభ్యంతరముంటే పది రోజుల్లో రాసివ్వాలి.

అంకాలమ్మ భర్తకు ఫోన్ చేసింది. ఓటుకైతే వస్తాను కానీ కాగితంకోసం మంద వదిలి ఎట్ల వచ్చేదని అతను కసిరాడు.

"నలుగురూ కలిపి కట్టిన మంద ఏ చేనికి పోవాల్నో ఎవురు చెప్తారు?" అని అడిగింది ఆమె.

"ఎక్కువ జీవాలున్నోడు చెప్తాడు. అదేం ప్రశ్న?"

"మన నూరు జీవాల్ని పాతిక పాతిక చేసి నాలుగు మందల్లో కలిపితే నిన్నెవురన్నా అడుగుతారా? మన ఓట్లనీ అట్లనే కలిపినారు. నువ్వు ఇరవై ఏండ్లుగా వచ్చి ఓటేసి పోతాండావు."

పెద్దయ్య ఆ మాట పక్క మందలవాళ్లకు చెప్పాడు. మర్నాడు మందల దగ్గర వంతుకు ఇద్దరిని ఉంచి, తక్కిన కాపరులు ఊరు చేరారు. హైమావతి గారు అర్జీ రాసిపెట్టారు. వీధుల వెంట కాకుండా, వాటి చివర్లను అడ్డంగా కోస్తూ ఒక గీత గీసి, ఆ కాపరుల ఇళ్లన్నీ ఒకే వార్డు చేయమన్నదే అందులోని కోరిక.

విచారణ నాడు రైతు ఉమామహేశ్వర్లు లేచి, తమకున్న నాలుగు వార్డులు మూడైపోతాయని బాధపడ్డాడు. ఆ బాధలో అబద్ధమేమీ లేదు. అంకాలమ్మ గొంతు పెంచలేదు.

"అన్నా, నలుగురిలో ముగ్గురు మీవాళ్లు, ఒకడు మావాడు. మీకు మూడు, మాకు ఒకటి. నీది గుంజుకుంటే తప్పు గాని, మా వంతు మేమడిగితే తప్పేంది?"

ఉమామహేశ్వర్లు కూర్చున్నాడు. అధికారి నాలుగు వీధులూ నడిచి చూసి, అర్జీ సబబేనని ఒప్పుకున్నాడు.

ఆ ఎన్నికలో కొత్త వార్డు నుంచి అంకాలమ్మే గెలిచింది. ఎండలు ముదరకముందే బోరు పక్కన తొట్టి లేచింది. మొదటి రోజు జీవాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగుతుంటే పెద్దయ్య అక్కడే నిలబడిపోయాడు. మందను అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. ఉమామహేశ్వర్లు ఎడ్లు కూడా ఆ సాయంత్రం అక్కడే తాగాయి, ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు కాపరులు మందలతో ఊరు దాటేముందు పంచాయతీ గోడ దగ్గర ఆగుతారు. దూరాన ఉన్నవారికి హైమావతి గారు ఫోన్లో చదివి వినిపిస్తారు. ఇదంతా ఎందుకని కుర్రకారు అడిగితే అంకాలమ్మ చెప్పేది ఒకే మాట:

"ఓటేసే దినం ఒక్కటే వస్తే చాలదు నాయనా, మన ఓటును ఎవురి ఓట్లతో కలుపుతారో ఆ గీత గీసే దినం కూడా మనం ఊర్లో ఉండాల."