ఒక్క మాట మార్చమన్నాను

మా దొర డెల్వాక్ గారికి ఒక్కో వాక్యానికి వారం పట్టేది. రాసిందాన్ని తోటలో తిరుగుతూ గొంతు చించుకుని చదివేవాడు. సేన్ నదిలో పడవవాళ్ళు తెడ్లు ఆపి మరీ నవ్వుకునేవారు. ఆ అరుపులు పద్నాలుగేళ్ళు వంటింట్లోంచి విన్నాను. మాట ఎక్కడైనా కుంటిందా, ఆ పూట నా ఉల్లిపాయల పులుసు కూడా ఆయనకి చేదే.

ఆ చలికాలం ఒక పాలపని పిల్ల కథ రాస్తున్నాడు. పెళ్ళి కాకుండా బిడ్డను కంటుంది, బిడ్డ చచ్చి పుడుతుంది, దాన్ని దాచేస్తుంది. అక్కడ ఆగిపోయాడు.

"ఒనొరీన్, నీకు పల్లెలు తెలుసు. అలాంటి పిల్ల బిడ్డను దేంట్లో చుడుతుంది? ఎక్కడ పెడుతుంది? నాకు ఊహలొద్దు, ఉన్నది కావాలి."

రోజూ ఇదే గోల. నా నోట్లో నువ్వుగింజ నానదు. మూడేళ్ళుగా కడుపులో కుళ్ళుతున్నదంతా కక్కేశాను. అది నా కూతురు అడెలీన్ సంగతే. చచ్చి పుట్టిన బిడ్డను తను పనిచేసే ఇంట్లో, ఆపిల్ పళ్ళ గానుగ వెనక పాతింది. నీలం చారల ఏప్రన్‌లో చుట్టింది. జ్ఞానస్నానం లేని బిడ్డ కదా, మట్టల ఆదివారం చర్చిలో దీవించి ఇచ్చిన కొమ్మ గుండెల మీద పెట్టింది. పేరు మాత్రం చెప్పలేదు, ఎవరో పిల్ల అన్నాను. ఆయన పెన్సిల్ ఆగలేదు.

అది పత్రికలో వస్తుందని తెలిసి కాళ్ళ మీద పడ్డాను.

"అయ్యగారూ, ఆ పిల్ల నా కూతురే. బిడ్డ చచ్చే పుట్టిందంటే ఏ జడ్జీ నమ్మడు, గొంతు నులిమిందంటారు. గానుగ అనకండి, బేరి చెట్టు కింద అనండి. మీకేం పోయింది?"

ఆయన ముఖం పాలిపోయింది. చెడ్డవాడంటే నా కళ్ళు పోతాయి. మార్చి చూస్తానన్నాడు. రెండు రోజులు వాక్యంలో బేరి చెట్టు పెట్టి తోటలో అరిచాడు. మూడో రోజు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, కళ్ళు గుంటలు పడి.

"ప్రయత్నించాను ఒనొరీన్. వాక్యం చచ్చిపోతోంది."

"వాక్యమా! నా పిల్ల చస్తుంది దొరా!"

"ఆ పల్లెలో పత్రిక ఎవరు చదువుతారులే," అన్నాడు నేల చూస్తూ.

అడెలీన్ పనిచేసే ఇంటి యజమానురాలే చదివింది. కనబడకుండా పోయిన తన ఏప్రన్, తన గానుగ, అన్నీ గుర్తుపట్టింది. పోలీసులు వచ్చి తవ్వారు. కొమ్మతో సహా దొరికింది.

రువాన్ కోర్టులో ఆ పేరా గట్టిగా చదివించారు. దొర నా పక్కనే కూర్చుని ఏడ్చాడు. చదివే గుమాస్తా ఒక మాట వదిలేస్తే మాత్రం, ఏడుస్తూనే పెదవులతో సరిచేశాడు. ఆయన్ని అప్పుడే చంపేద్దామనిపించింది. అడెలీన్‌కి ఇరవై ఏళ్ళ శిక్ష వేశారు.

తీసుకుపోతుంటే అది నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదే. ఆయనకెలా తెలిసింది?"

అబద్ధం ఒక్కటీ నోటికి రాలేదు.

"అడిగాడే తల్లీ," అన్నాను. "రోజూ అడిగాడు."

అది నా చెయ్యి వదిలేసింది.