పదకొండు మంది దొంగలు

తెలివైన పిల్లల వేసవి శిబిరంలో అక్క ఉద్యోగం తెలివి ఉన్నవాళ్ళు చేసేది కాదు. ఉన్నవాళ్ళయితే రెండో రోజే పెట్టె సర్దుకుంటారు. మన అక్క సర్దుకోలేదు. ఇక్కణ్ణుంచి పారిపోతే ఇంటికే వెళ్ళాలి, ఇంట్లో నాన్న ఉన్నాడు. నాన్న చేతిలో డాక్టరు చదువు ప్రవేశ పరీక్ష ఫారం ఉంది. ఆ పరీక్ష ఆమె మూడుసార్లు రాసింది, మూడుసార్లూ తప్పింది. నాలుగోసారి రాయనని చెప్పడానికి నోరు పెగలక, సెలవుల్లో పని దొరికిందంటూ ఇక్కడికొచ్చి పడింది. ఫారం పంపడానికి ఇవాళే ఆఖరు రోజు. నాన్న పొద్దుట్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగుసార్లూ ఆమె ఫోన్‌ని బోర్లించి పెట్టేసింది.

ఆమెకి అప్పగించిన పన్నెండు మందీ ఎనిమిదేళ్ళకీ పదకొండేళ్ళకీ మధ్యవాళ్ళు. "పళ్ళు తోముకోండర్రా" అంటే ఎన్ని నిమిషాలు తోమాలి, పైనుంచి కిందికా, కిందనుంచి పైకా, అలాగని ఎవరు చెప్పారు అని నిలదీస్తారు. వాళ్ళకి జవాబులు చెప్పలేక తల ప్రాణం తోకకొచ్చి, "పోయి దాగుడుమూతలు ఆడుకోండి బాబూ!" అనేసింది. అక్కడే పప్పులో కాలేసింది.

ఆట పద్ధతి వాళ్ళకి నచ్చలేదు. ఒక్క దొంగ వెతుకుతుంటే పదకొండు మంది ఊరికే నక్కి కూర్చోవడం సోమరితనమని జడ్జిగారు తేల్చాడు. జడ్జిగారి వయసు పదేళ్ళు. ఎవరూ అడక్కుండానే ప్రతి గొడవకీ తీర్పు చెప్తాడని పిల్లలే ఆ పేరు పెట్టారు. ఆయనగారి తీర్పు ప్రకారం ఒక్కరే దాక్కోవాలి, మిగతా పదకొండు మందీ దొంగలై వెతకాలి. దొరక్కపోతే దొంగలందరూ పేరుపేరునా "ఓడిపోయాను" అని పైకి అనాలి. ఆఖరి దొంగ అనేదాకా దాక్కున్నవాళ్ళు బయటికి రాకూడదు. దాక్కునే వంతు పిచ్చుకకి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, గట్టిగా ఊదితే ఎగిరిపోయేట్టుంటుంది.

దొంగలు వెంటనే వెతకడానికి పోలేదు. అలా పోతే మామూలు పిల్లలైపోరూ! బొమ్మలు గీసే గదిలో పెద్ద బల్ల చుట్టూ చేరి, భవనం పటం గీసి, గళ్ళు కొట్టి, ఒక్కొక్కరికీ ఇన్నేసి గళ్ళని పంచుకున్నారు. వెతకడం పూర్తయిన గడిని ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. గంట తిరిగేసరికి పటమంతా ఎర్రబడింది గానీ పిచ్చుక జాడ లేదు.

"పిచ్చుక ఈ భవనంలో లేదు," అన్నాడు జడ్జిగారు. "రుజువైపోయింది."

అక్క గేటుకి పరుగెత్తింది. గేటు దగ్గర కాపలా ఆయన, ఎవరూ బయటికి పోలేదని ఒట్టేసి చెప్పాడు. వంటగది, మంచాల కింద, బట్టలు ఉతికే గది, నీళ్ళ తొట్టి వెనకాల, అంతా కాలు కాలిన పిల్లిలా తిరిగింది. చివరికి నడవలో నిలబడి, "పిచ్చుకా, నేను ఓడిపోయానే, రావే తల్లీ!" అని అరిచింది.

"మీరు దొంగ కాదు కదక్కా," అన్నాడు వెనకే వచ్చిన జడ్జిగారు. "మీరు అంటే చెల్లదు."

"అయితే మీరే అనండర్రా!"

అందర్నీ బొమ్మల గదిలోకి తోలుకొచ్చింది. పదకొండు నోళ్ళకీ తాళాలు పడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనాల్సిన అవసరం వాళ్ళకెప్పుడూ రాలేదు. ఆట ఇంకా పూర్తి కాలేదని ఒకడన్నాడు. డ్రా అనుకుంటే పోతుందని ఇంకొకడు. కళ్ళజోడు పిల్లకైతే ఉన్నట్టుండి జ్వరం వచ్చేసింది.

"ఒక్క మాటరా! అంటే నోరు అరిగిపోతుందా?"

జడ్జిగారు తలెత్తాడు. "మీరెప్పుడైనా ఓడిపోయారా అక్కా?"

"మూడుసార్లు."

"ఇంట్లో చెప్పారా?"

"నా మార్కులు వాళ్ళూ చూశారుగా."

"మార్కులు కాదు. ఓడిపోయానని మీరు చెప్పారా?"

జడ్జి అని ఊరికే అనలేదు. సరిగ్గా అప్పుడే బల్ల మీద బోర్లించిన ఫోన్ మోగింది, ఐదోసారి. పదకొండు మందీ ఫోన్ వంక చూశారు, తర్వాత ఆమె వంక చూశారు. ఈసారి తియ్యకపోతే వీళ్ళకి జన్మలో ఇంకో మాట చెప్పే మొహం తనకుండదని ఆమెకి తెలిసిపోయింది.

"నాన్నా."

"ఏమైపోయావమ్మా? ఐదింటిలోగా ఫారం పంపాలి." నాన్న గొంతు ఫోన్ లేకపోయినా వినపడే రకం, గదంతా వినపడింది.

"పంపొద్దు నాన్నా. నేను రాయను. మూడుసార్లూ ఓడిపోయాను. ఇంక నావల్ల కాదు."

అవతల నాన్న దగ్గాడు. "మీ అమ్మకి నేను చెప్తాలే," అన్నాడు. "భోజనం చేశావా?"

"లేదు. ఇక్కడో పిల్ల కనపడ్డం లేదు నాన్నా."

"అయ్యో, అది చెప్పవేం! ముందు ఆ పిల్లని చూసుకో, పో." ఫోన్ పెట్టేశాడు.

ఆ ఒక్క మాటతో ఇల్లు కూలిపోతుందని మూడేళ్ళుగా బిక్కుబిక్కుమంటూ బతికింది. ఏమీ కూలలేదు. పట్టరాని సంతోషంతో ఏడుపొచ్చేసి, అంతమంది ముందూ అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఓడిపోయాను," అంది కళ్ళజోడు పిల్ల మెల్లిగా. జ్వరం తగ్గినట్టుంది. ఆ పిల్ల వెనకే ఇంకొకరు, మరొకరు. పది మందీ అనేశారు. జడ్జిగారి చెవులు ఎర్రబడ్డాయి. ఒకసారి నోరు తెరిచి మూసేశాడు.

"ఓడిపోయాను."

నేలదాకా వేలాడుతున్న బల్లగుడ్డ కదిలింది. పిచ్చుక పాక్కుంటూ బయటికొచ్చింది. గంటసేపు వాళ్ళు పటం గీసి గళ్ళు కొట్టింది దాని నెత్తి మీదే. పటంలో అన్ని గదులూ ఉన్నాయి, పటం గీసిన గది ఒక్కటే లేదు.

"కాళ్ళు తిమ్మిరెక్కాయి," అంటూనే పిచ్చుక బాత్రూంకి పరుగు తీసింది. దొంగలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

జడ్జిగారు నవ్వలేదు. అక్క దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు. "ఓసారి ఫోన్ ఇస్తారా? మా అమ్మతో మాట్లాడాలి."

"ఏం చెప్తావురా?"

"ఇందాక అన్నానే, అదే. లెక్కల పోటీ అయిపోయి నెల దాటింది. ఫలితాలు ఇంకా రాలేదని చెప్తున్నాను."

అక్క ఫోన్ వాడి చేతిలో పెట్టి, వాడి పక్కనే కూర్చుంది.