రోగి తాలూకు

మా అమ్మాయి నర్సింగు రెండో ఏడు మందులిచ్చే ప్రాక్టికల్ తప్పింది. తెలివి చాలక కాదు, మర్యాద ఎక్కువై.

ఆ పరీక్షలో మంచం మీద ఉత్తుత్తి రోగి, పక్కన కుర్చీలో రోగి తాలూకు మనిషి ఉంటారు. మాత్రలు కూడా ఉత్తుత్తివే, వట్టి చక్కెర బిళ్ళలు. అమ్మాయి రోగి పేరడిగింది, మందుల చార్టు చూసింది, మాత్ర తీసి చిన్న గిన్నెలో వేసింది. అంతవరకూ బాగానే ఉంది. ఇంతలో రోగి తాలూకు వేషం వేసిన కాలేజీ గుమాస్తా, "పొద్దున్నే వేసేశారమ్మా" అన్నాడు. "అలాగా అంకుల్" అని గిన్నె పట్టుకుని వెనక్కి వచ్చేసింది. నిజంగా వేశారో లేదో చార్టులో చూసుకోలేదు. ఎవరూ వెయ్యలేదు.

"నువ్వు మంచిపిల్లవి. అదే నీ జబ్బు" అందట ట్యూటర్ మేడమ్. ఇంకొక్క అవకాశం ఇస్తామనీ, అది కూడా పోతే వార్డుకి పంపకుండా ఏడాది పాటు జూనియర్లతో కూర్చోబెడతామనీ చెప్పింది. పెద్దవాళ్ళ మాటకి ఎదురాడదని చుట్టాలందరూ మెచ్చుకునే పిల్ల, ఆ మెప్పే మెడకి చుట్టుకున్నట్టయి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మూడో రోజు ఇంట్లో మందుల డబ్బా నా చేతిలోంచి లాక్కుంది. అంతవరకూ మా పద్ధతి తేలిక. నేను మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడితే మా అత్తగారూ, మా ఆయనా అరచేతులు చాపేవారు. ఏ అరచేతిలో ఏది పడాలో నాకు తెలుసు. ఆ అరచేతులకి తెలియాల్సిన పని లేదు.

"మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పండి" అంది అమ్మాయి వాళ్ళ నాన్నతో, ఆయన చెప్పులు వేసుకుంటూ ఉండగా.

"నీ పుట్టిన తేదీ చెబుతాను, చాలదూ? ఆ రోజు ఆసుపత్రి వరండాలో నిలబడ్డవాణ్ణి నేనే."

"మీదే కావాలి."

"బస్సు వెళ్ళిపోతుందే."

"ఇంకో బస్సు వస్తుంది. మాత్ర మాత్రం వేరే మనిషికి వెళ్ళకూడదు."

"ఈ ఇంట్లో మీసాలున్నవాణ్ణి నేనొక్కణ్ణే కదే తల్లీ" అని మొత్తుకుని, పేరూ తేదీ అప్పజెప్పి, మాత్ర మింగి, నోరు తెరిచి చూపించి మరీ పరుగెత్తారు.

సాయంత్రాలు పిప్పరమెంట్లతో సాధన. మనసు మార్చే చుట్టం పాత్ర మా అత్తగారిది. ఆవిడ ఇంతకాలం ఈ విద్య ఎక్కడ దాచుకున్నారో తెలియదు.

"ఆ డాక్టరు నా మేనల్లుడమ్మా. నా చేతుల మీద పెరిగాడు. ఇప్పుడే ఫోన్‌లో చెప్పాడు, రెండేసి వెయ్యమన్నాడు" అన్నారు మొదటి రోజు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని.

అమ్మాయి చెయ్యి రెండో పిప్పరమెంటు మీదికి వెళ్ళింది.

"అయిపోయింది. తప్పావు" అని అత్తగారు కళ్ళు తుడుచుకుని, ఆ పిప్పరమెంటు తీసి నోట్లో వేసుకున్నారు.

నాలుగు రోజులకి అమ్మాయి కన్నీళ్ళకి కరగడం మానేసింది. "డాక్టరు గారు రాసి సంతకం పెట్టాలి నానమ్మా" అనడం నేర్చుకుంది. కానీ ఆ మాట అన్నాక ప్రతిసారీ "ఏమీ అనుకోకు" అని చేర్చేది. నా గుబులంతా ఆ తోకతోనే.

పరీక్షకి నాలుగు రోజుల ముందు మేడమ్ కొత్త మెలిక పెట్టింది. రోగినీ, రోగి తాలూకునీ ఇంటినుంచే తెచ్చుకోవాలట. "బయటివాళ్ళని కాదనడం ఎవరైనా నేర్చుకుంటారు" అందట.

అలా మా అత్తగారు కాలేజీలో ఇనుప మంచమెక్కి, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు. మేడమ్ నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీని కాస్త ముందుకీ వెనక్కీ జరిపి, "ఆసుపత్రిలో ఎలా ఉంటారో అలాగే ఉండండి" అంది. నోరు తెరవకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

అమ్మాయి ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. చేతులు కడుక్కుంది. మమ్మల్ని ఎన్నడూ ఎరగనట్టు చూసింది.

"మీ పూర్తి పేరు చెప్పండి."

"పేరెట్టి పిలవకపోయినా నీకు తెలీదుటే నా పేరు?"

"తెలుసండీ. మీ నోటితో వినాలి."

'అండీ' అనేసరికి మా అత్తగారు దుప్పటి సర్దుకుని, ఇంటిపేరుతో సహా చెప్పారు. అమ్మాయి ఆవిడ చేతికి కట్టిన పేరు పట్టీతో సరిచూసుకుంది. ఏదైనా మందు పడదా అని అడిగింది. "మందులేవీ పడవు. మింగమంటే మింగుతాను, అంతే" అన్నారు ఆవిడ. అమ్మాయి నవ్వలేదు. అడిగిందే మళ్ళీ విడమరచి అడిగి, సరైన జవాబు రాబట్టింది.

ట్రాలీ నాకు ఎదురుగానే ఉంది. చార్టులో పైవరస స్పష్టంగా కనబడుతోంది, ఐదువందల మిల్లీగ్రాములు. మాత్రల అట్ట మీద రెండువందల యాభై అని ఉంది. అంటే రెండు మాత్రలు. అమ్మాయి ఒకటి నొక్కి గిన్నెలో వేసి, అట్ట కింద పెట్టేసింది.

నేను గొంతు సవరించుకున్నాను. అమ్మాయి చార్టు కేసి వంగి మళ్ళీ చూసింది, కానీ రెండోది తియ్యలేదు. ఏడాది చదువు ఆ అట్ట మీద ఆగి ఉంది. హ్యాండ్‌బ్యాగు చాటున రెండు వేళ్ళు చూపించాను. చూడలేదు.

"ఇంకోటి కదమ్మా" అన్నాను.

దాని చెయ్యి అట్ట మీదికి వెళ్ళింది. చెవులు ఎర్రబడ్డాయి. పుట్టినప్పటినుంచీ విన్న గొంతు కదా మరి. ఒక క్షణం అలాగే ఉండి, అట్ట వదిలేసి నా వైపు తిరిగింది.

"అమ్మగారూ, మందు తీసేటప్పుడు ఎవరూ మాట్లాడించకూడదు. కాసేపు బయట కూర్చోండి."

"అది కాదే, నేను—"

"బయట బెంచీ ఉందండి."

మంచం మీదనుంచి మా అత్తగారు, "వెళ్ళమ్మా, వెళ్ళు. రోగికి విశ్రాంతి కావాలి" అన్నారు.

'ఏమీ అనుకోకు' అనే మాట వస్తుందేమోనని గుమ్మం దగ్గర చూశాను. రాలేదు.

బెంచీ మీద కూర్చుని నాలో నేనే లెక్క వేసుకున్నాను. ఎన్నిసార్లు వేసినా రెండు మాత్రలే వస్తున్నాయి. పిల్ల తప్పిందనే నిర్ధారించుకున్నాను. వాళ్ళ నాన్నకి ఏమని చెప్పాలా అని మాటలు కూడా కూర్చుకుంటున్నాను.

తలుపు తీసుకుని మేడమ్ వచ్చింది. చార్టు నా ఒళ్ళో పెట్టి, క్లిప్పు కింద ఇంకో వరస చూపించింది. ఐదువందలు నిన్నటితో ఆపేశారు. ఇవాళ్టినుంచి రెండువందల యాభై, కింద డాక్టరు సంతకం.

"మీరు కూర్చున్న చోటినుంచి పైవరస ఒక్కటే కనబడుతుంది. కుర్చీ చూసి చూసి వేశాను. మీ మాట వినుంటే రెట్టింపు మందు పడేది, పిల్ల తప్పేది" అంది.

"మరైతే?"

"పాసయింది. ఎల్లుండినుంచి వార్డు."

నాకు ఆనందపడాలో ఉడుక్కోవాలో తెలియలేదు. రెండూ కలిపి చేశాను.

"ఒక మాటండీ" అంది మేడమ్, గొంతు తగ్గించి. "వచ్చేవారం ఇంకో బ్యాచ్ ఉంది. మా గుమాస్తా చెబితే పిల్లలు ఇప్పుడు వినడం లేదు. మీలా చదువుకున్నవాళ్ళు, లెక్క చూసుకుని, ప్రేమగా తప్పు చెప్పాలి. రాగలరా?"

అప్పుడే మా అత్తగారు చెంప మీద దుప్పటి మడత అచ్చుతో బయటికి వచ్చారు. "మరి నన్ను రమ్మనరేం? ఇంట్లో ఎంత ఏడ్చానో దాన్నే అడగండి."

"మీరు మరీ బుద్ధిగా మింగేశారండీ" అంది మేడమ్.

అత్తగారు మొహం తిప్పుకున్నారు. వెనకనుంచి అమ్మాయి ట్రాలీ వదిలేసి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఒప్పుకోకే. వాళ్ళంతా మంచిపిల్లలే. ఒక్కరూ మిగలరు."

నేను మేడమ్‌ని, ఎన్నింటికి రావాలని అడిగాను.