నోట రాని పేరు

“తాళం నీ దగ్గరే ఉంది. మరి గిన్నెకి రెక్కలొచ్చాయా?”

రైల్వే కాలనీ తెలుగు సంఘం హాల్లో సెక్రటరీ మురళీమోహన్ అరుపుకి కిటికీ అద్దాలు అదిరాయి. హాలు ఊడ్చే మహేశ్వరి చీపురు గుండెలకి హత్తుకుని ఏడుస్తోంది.

“మై నఇ లే హవ్ సాహెబ్! నేను తీయలేదు!”

“ఈపాటికి బీర్‌గావ్‌లో పాతసామాన్లు కొనే కబాడీవాడికి అమ్మేసుంటావ్. పదకొండులోగా గిన్నె రాకపోతే నీ పని ఖతం. థానాకి ఫోన్ చేస్తా.”

నర్సు జెస్సీ గడియారం చూసింది. ఇంకా పది నిమిషాలు.

పోయింది సంఘం కొన్న కంచు గిన్నె. చెక్కపిడితో అంచు చుట్టూ రాస్తే తుమ్మెదలా మోగుతుంది. ప్రమాదాలు చూసి మనసు చెదిరినవాళ్లకి ప్రతి ఆదివారం జెస్సీ దాన్ని మోగిస్తుంది. మందులు మానమనదు, మందుకి తోడు ఇది. గూడ్స్ డ్రైవర్ సత్తిరాజు కూడా అలా వస్తున్నవాడే. ఆర్నెల్ల క్రితం తిల్దా దగ్గర గేటులో ఇరుక్కున్న లారీని అతని ఇంజను గుద్దేసింది. ప్రాణాలేవీ పోలేదు. అతని నిద్ర మాత్రం పోయింది.

ఇవాళ అతని భార్య అప్పలనరసమ్మ ఒక్కతే వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి కొంగు అంచు నలుపుతూనే ఉంది. జెస్సీ ఆమెని పక్కకి లాగింది.

“ఆంటీ, మీరేమైనా చూశారా?”

“సూసినాను.”

“ఎవరు?”

“ఆ పేరు నా నోటంట రాదమ్మా.”

జెస్సీ గొంతు తగ్గించింది. ఎవడో గట్టి గూండాయే అయ్యుంటాడు!

“బెదిరించాడా?”

“నన్నా?” అప్పలనరసమ్మ మూతి విరిచింది. “అంత దమ్ముండొద్దూ!”

“మరి చెప్పడానికేం?”

“సెప్తే గిన్నె అట్టుకుపోతారు గదా!”

అవతల మురళీమోహన్ ఫోన్ తీశాడు. మహేశ్వరి అతని కాళ్ల దగ్గర కూలబడింది. అప్పలనరసమ్మ ఇక ఆగలేకపోయింది.

“ఆపండి బాబూ! ఆ పిల్ల మీద పడతారేటి? నిన్న సాయంత్రం తలుపు తీసుంటే గిన్నె మా ఇంటికొచ్చీసింది. దాన్ని మోగించుకుని, పొట్ట మీదెట్టుకుని తొంగున్నారు. ఇంకా గుర్రెడతన్నారు. ఆర్నెల్లకి గుర్రు! నానెలా లేపుతాను?”

జెస్సీకి గూండా ఎవరో అర్థమై నవ్వాగలేదు. మురళీమోహన్‌కి మాత్రం ఎక్కలేదు. పెన్ను తీశాడు.

“నామ్ చెప్పండి. లేదంటే ఫిర్యాదు కాయితం మీద మహేశ్వరి పేరే రాస్తా.”

“గిన్నె ఆయన లేచేదాకా అక్కడే ఉంటుంది, అది నా పూచీ,” అంది జెస్సీ. “చెప్పండి ఆంటీ.”

పెళ్లయిన ముప్పై ఏళ్లలో, రేషన్ కార్డు ఆఫీసులో కూడా పక్కింటావిడ చేత చెప్పించిన పేరు అది. అప్పలనరసమ్మ మహేశ్వరి వైపు చూసింది. తల నిండా కొంగు కప్పుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని, హాలంతా మోగేలా అరిచింది.

“సత్తిరాజు!”